హస్బెండ్ వీసా టీచరమ్మ

షార్జాలో ఇండియన్ స్కూల్ ఇంటర్వ్యూకి వెళితే డెమో క్లాసు కంటే ముందే ఒక ప్రశ్న వస్తుంది, "మేడమ్, మీరు హస్బెండ్ వీసానా?" అని, అంటే భర్త స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నారా అని. అవునంటే అవతలివాళ్ల ముఖం కాస్త విచ్చుకుంటుంది. మనకి వాళ్లు వీసా కొట్టించక్కర్లేదు, ఇల్లు చూపించక్కర్లేదు, ఇండియాకి టికెట్ ఇవ్వక్కర్లేదు, లేబర్ కార్డు, అంటే పనిచేయడానికి అనుమతి, ఒక్కటి తీస్తే సరిపోతుంది. జీతం కూడా ఆ లెక్కలోనే చెబుతారు. స్కూలు వీసా మీద వచ్చిన టీచరూ నేనూ చెప్పేది అదే తొమ్మిదో తరగతికి అదే ఫిజిక్స్, కానీ ఆవిడది ఉద్యోగం, నాది ఇంట్లో తోచక చేసే పని. పైకి ఎవరూ అనరనుకోండి, ఆఫర్ లెటర్లో బేసిక్ చూస్తే అర్థమైపోతుంది. ఇక్కడ ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్క కడతారు, మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన 30 రోజులది. అందుకే బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచి చూపించడం చాలాచోట్ల మామూలే. కొత్తగా వచ్చే అమ్మాయిలకి నేను చెప్పేది ఇదే, మొత్తం అంకె చూసి మురిసిపోకండి.

మాది కాకినాడ దగ్గర. బీఈడీ ఏడాది కోర్సుగా ఉన్న రోజుల్లో చేశాను, రెండేళ్లది 2015 తర్వాత వచ్చింది కదా. మా ఆయనకి దుబాయ్ జెబెల్ అలీలో ఉద్యోగం వస్తే వెనకే వచ్చాను. ఇక్కడ పాఠం చెప్పాలంటే డిగ్రీ ఉంటే చాలదు, దాని మీద ముద్రలుండాలి: మన రాష్ట్ర ప్రభుత్వానిది, ఢిల్లీలో విదేశాంగ శాఖది, యూఏఈ ఎంబసీది, చివరికి ఇక్కడి విదేశాంగ శాఖది, దాన్నే అందరూ మోఫా అంటారు. నా బీఈడీ సర్టిఫికెట్ వెనక్కి తిప్పితే స్టాంపులూ స్టిక్కర్లూ తప్ప ఖాళీ కాగితం కనపడదు.

2025లో ఆంధ్రాలో మెగా డీఎస్సీ వేశారు, 16,347 పోస్టులు. నోటిఫికేషన్ వచ్చిన రోజే అన్నయ్య వాట్సాప్‌లో పంపి "వయసు 44 దాకా పెంచారే, రాసెయ్" అన్నాడు. నాతో బీఈడీ చదివినవాళ్లు కొందరు ఏళ్ల తరబడి దాని కోసమే ప్రైవేటు స్కూళ్లలో నెట్టుకొచ్చారు. నాకూ రెండు మూడు రోజులు నిద్ర పట్టలేదు. సర్కారు బడిలో స్కూల్ అసిస్టెంట్ అంటే మా నాన్న ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు, అది నిజం. కానీ రాస్తే నేనొకచోట, ఆయనొకచోట, పిల్ల ఎక్కడో తేలాలి. రాయలేదు.

పిల్ల సంగతి వేరే రామాయణం. గల్ఫ్‌లో తెలుగువాళ్ల ఇళ్లలో టెన్త్ అయ్యేసరికి ఒక పద్ధతి నడుస్తుంది. పిల్లనో పిల్లాడినో తీసుకుని తల్లి హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లిపోతుంది, ఇంటర్ కోసం, జేఈఈ కోచింగ్ కోసం. తండ్రి ఫ్లాట్ ఖాళీ చేసి బెడ్‌స్పేస్‌లోకి, అంటే నలుగురు పంచుకునే గదిలో ఒక మంచానికి, మారతాడు. రాజీనామా ఎప్పుడూ తల్లిదే, నాకు తెలిసిన వాళ్లలో తండ్రి వెళ్లిన ఇల్లు ఒక్కటీ లేదు. అత్తయ్య ఫోన్లో "పిల్ల చదువు కంటే నీ ఉద్యోగం ఎక్కువా అమ్మా" అన్నారు. కోపంతో కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. మా ఆయన మాత్రం విదేశాల్లో చదివిన పిల్లల కోసం ఉన్న దాసా స్కీము కింద గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల పిల్లలకి ఎన్ఐటీల్లో తక్కువ ఫీజుతో సీట్లుంటాయని కనుక్కుని, ఇక్కడే సీబీఎస్‌ఈ పన్నెండు దాకా చదివిద్దామని ఎక్సెల్ షీట్ వేసి మరీ కూర్చున్నారు. ఇంత రభస జరిగాక పిల్ల తాపీగా వచ్చి నేను కామర్స్ తీసుకుంటాను అంది.

ఇదిలా ఉండగా నేను ఇగ్నో దూరవిద్యలో ఎంఏ ఎడ్యుకేషన్‌కి కట్టాను, కారణం జీతం కాదు. నా క్లాసులో ఒక అబ్బాయి ఉన్నాడు. బోర్డు మీద సర్క్యూట్ గీసి, బల్బు ఇక్కడ తీసేస్తే మిగతావి ఎందుకు ఆరిపోతాయిరా అని అడిగితే గడగడా చెబుతాడు. అదే ప్రశ్న పేపర్లో ఇస్తే రెండు లైన్లు రాసి, అక్షరాలు తారుమారై, కొట్టివేతలతో పేజీ ముగిస్తాడు. స్టాఫ్‌రూంలో వాడి పేరు లేజీ ఫెలో. నేను చదివిన బీఈడీలో ఇలాంటి పిల్లల గురించి ఒక పేరా ఉండేదేమో, పరీక్షకి ఇంపార్టెంట్ కాదని వదిలేశాం. 2022 నుంచి షార్జాలో శుక్ర, శని, ఆదివారాలు సెలవు, మా ఆయనకి శుక్రవారం సగంపూట ఆఫీసు, కాబట్టి శుక్రవారం పొద్దుట డైనింగ్ టేబుల్ నాదే. ఇగ్నో అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి. మా అమ్మాయి పక్కన అకౌంట్స్ చేసుకుంటూ "అమ్మా, నీ హ్యాండ్‌రైటింగ్‌కి నువ్వే మార్కులు వేసేదానివి కాదు" అంటుంది. అనుకుంటే అనుకోనీ. ఈ ఎంఏ వల్ల జీతం పెరుగుతుందా అని అడిగే వాళ్లకి నా దగ్గర సమాధానం లేదు, వీసా ఎవరి పేరు మీద ఉన్నా ఇది మాత్రం నా పేరు మీద ఉంటుంది.

ఆ అబ్బాయి విషయానికొస్తే, డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది, ఉందని సర్టిఫికెట్ ఉంటే బోర్డు పరీక్షలో మూడు గంటల పేపరుకి ఒక గంట అదనంగా ఇస్తారు, రాసిపెట్టడానికి మనిషిని కూడా పెట్టుకోవచ్చు. ఇదంతా వాళ్ల నాన్నకి పేరెంట్స్ మీటింగ్‌లో చెబితే "మావాడికి ఏ జబ్బూ లేదు మేడమ్, శ్రద్ధ లేదు, అంతే" అని కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. తల్లి మాత్రం లేవలేదు, ఆ పరీక్ష ఎక్కడ చేయిస్తారని నెమ్మదిగా అడిగింది. గురువారం స్కూల్ అయ్యాక ఆవిడని ఒక్కదాన్నే రమ్మన్నాను.