మీమ్ తీయించాలా, నవ్వేయాలా?

2024 మేలో, సరిగ్గా ఎన్నికల వేడిలో, తాను స్టెప్పులేస్తున్నట్టు ఏఐతో చేసిన వీడియోను మోదీ స్వయంగా షేర్ చేసి, చూసి తానూ ఎంజాయ్ చేశానన్నారు. ఇక ఎగతాళి చేయడానికి ఏం మిగిలింది? అదే రోజుల్లో మమతా బెనర్జీ మీద అలాంటి వీడియో పెడితే, పెట్టినవాళ్లను తమ వివరాలు చెప్పమని కోల్‌కతా పోలీసులు హెచ్చరించారు. దాంతో అదీ వార్తలకెక్కింది.

అలాగని ఢిల్లీలో అందరూ నవ్వి ఊరుకుంటారనీ కాదు. 2025 ఫిబ్రవరిలో, ట్రంప్ పక్కన మోదీని సంకెళ్లతో చూపిన కార్టూన్ కోసం తమిళ పత్రిక వికటన్ సైట్ మొత్తాన్నీ బ్లాక్ చేశారు.

నేను ఒక ఎమ్మెల్యే గారి సోషల్ మీడియా పేజీలు నడుపుతుంటాను. మొన్న శంకుస్థాపనలో కొబ్బరికాయ ఎంతకీ పగల్లేదు. సార్ దాన్ని గుడ్లురిమి చూస్తున్న ఫొటో పక్కన బ్రహ్మానందం ముఖం అతికించారెవరో. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వాగలేదు. పీఏ గారు మాత్రం రాత్రి పదకొండింటికి ఫోన్: "తమ్ముడూ, అది తీయించెయ్, సార్ చూశారు."

తీయించడానికి అది మన గోడ మీద పోస్టరా? రిపోర్ట్ కొడితే రూల్స్‌కి విరుద్ధం కాదని జవాబొచ్చింది. ఈలోగా మన కార్యకర్తలే కింద బూతులు రాసి దాన్ని ఊరంతా తిప్పారు. చివరికి సార్‌నే ఒప్పించి, "రెండో కాయ పగిలిందిలెండి" అని మా పేజీలోనే పెట్టాం.

ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసినా, సార్ గొంతుతో దొంగ ఆడియో వదిలినా మాత్రం వదలను. వాటికి స్క్రీన్‌షాట్, లింక్ తీసుకుని సీదా సైబర్ క్రైమ్ పోర్టల్‌కే.