తేవా: చుక్కాని లేని పెట్టె

జలప్రళయంలో నోవహు ఎక్కింది ఓడ. పసివాడు మోషేను పడుకోబెట్టింది జమ్ముపెట్టెలో. తెలుగు బైబిల్లో ఇవి రెండు వేరు వేరు మాటలు కాబట్టి, ఆ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా ఏళ్లు తట్టనే లేదు. హెబ్రీలో మాత్రం రెంటికీ మాట ఒక్కటే. తేవా.

ఆ మాట మొత్తం 28 సార్లే వస్తుంది. ఆదికాండము 6 నుంచి 9 అధ్యాయాల వరకు 26 సార్లు, నిర్గమకాండము 2వ అధ్యాయంలో 2 సార్లు. ఆ తర్వాత ఇక బైబిల్లో ఎక్కడా కనబడదు. యోనా పారిపోతూ ఎక్కిన ఓడకు హెబ్రీలో వేరే పేరుంది, ఒనియా. పది ఆజ్ఞల పలకలు ఉంచిన నిబంధన మందసానికి అరోన్. ఇంగ్లిష్‌లో చదివేవాళ్లకు నోవహుదీ ఆర్కే, మందసమూ ఆర్కే, అదొక గందరగోళం. మన అనువాదకులు ఆ చిక్కు లేకుండా చేశారు గానీ, ఓడకూ జమ్ముపెట్టెకూ ఉన్న చుట్టరికం మాత్రం మన కంటికి ఆనకుండా పోయింది.

తేవా అంటే నిజానికి పెట్టె. ఐగుప్తు (ఈజిప్టు) భాష నుంచి హెబ్రీలోకి వచ్చిన మాట అని చాలామంది పండితుల అభిప్రాయం. ఓడ అని కాకుండా పెట్టె అనుకుని ఆదికాండము 6వ అధ్యాయం మళ్లీ చదవండి. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూడు అంతస్తులు, ఒక కిటికీ, పక్కన ఒక తలుపు. తెరచాప ఊసు లేదు, తెడ్ల ఊసు లేదు, చుక్కాని ఊసు అసలే లేదు. సండే స్కూల్ బొమ్మల్లో నోవహు ఓడ ముందు భాగంలో నిలబడి దారి చూస్తుంటాడు. చూసి ఏం చేస్తాడు పాపం, తిప్పడానికి ఏమీ లేదు కదా! తలుపు కూడా తను వేసుకున్నది కాదు. "యెహోవా ఓడలో అతని మూసివేసెను" అని 7:16లో ఉంది. ఆ మూత పడ్డాక ఏడాది పైన పది రోజులు లోపలే.

మోషే సంగతి చెప్పక్కర్లేదు. మూడు నెలల బిడ్డ.

నోవహు చేసిన పని, మోషే తల్లి యోకెబెదు చేసిన పని ఒకచోట కలుస్తాయి. అది పూత. "లోపటను వెలుపటను దానికి కీలు పూయవలెను" అన్న వాక్యం చిన్నప్పుడు చదివి, తలుపు కీళ్లను ఎలా పూస్తారా అని తల బద్దలుకొట్టుకునేదాన్ని. ఇక్కడ కీలు అంటే తారు. హెబ్రీలో ఆ తారును కోఫెర్ అన్నారు. పూయడానికి వాడిన క్రియ కాఫర్, అంటే కప్పడం. ప్రాయశ్చిత్తం అనే మాటా, మందసం మీది మూత, కరుణాపీఠం, దాని పేరూ ఇవే అక్షరాల నుంచి వచ్చాయి. ఇది వేదికల మీద తరచూ వినబడే సంగతే. మోషే పెట్టె దగ్గర మాత్రం కోఫెర్ లేదు, పూతకు వేరే మాటలు వాడారు. మన బైబిల్లో అవి జిగటమన్ను, కీలు. ఆ తేడా చెప్పకుండా రెండు చోట్లా ప్రాయశ్చిత్తమే ఉందనేస్తే ఒప్పుకోవడం కష్టం.

11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి ఇక్కడ ఒక ముచ్చట చెబుతాడు. నోవహు పెట్టెకు రెండు వైపులా తారు, ఎందుకంటే జలప్రళయం జోరు అలాంటిది. మోషే పెట్టెకు మాత్రం బయట తారు, లోపల మన్ను. ఏటి ఒడ్డున జమ్ములో నీళ్లకు అంత ఉరవడి ఉండదు, అది ఒక కారణం. రెండోది, పసివాడికి తారు కంపు తగలకూడదని! పెద్ద పెద్ద వేదాంత వివరణల కంటే నాకు ఇదే మనసుకు పట్టింది. బిడ్డ బతకడమే గగనంగా ఉన్న పూట, వాడి ముక్కుకు ఏ వాసన తగులుతుందోనని ఆ తల్లి ఆలోచించిందన్నమాట.

నన్ను హాస్టల్‌కు పంపేటప్పుడు మా అమ్మ ట్రంకు పెట్టె సర్దింది. ఆవకాయ సీసా మూతకు కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, పైన పాత చీర ముక్క కట్టి, నూనె కారుతుందేమోనని సీసాను తలకిందులు చేసి పట్టుకుంది. తనివి తీరక మళ్లీ విప్పి మళ్లీ కట్టింది. అప్పుడు విసుక్కున్నాను, బస్సు టైమ్ అయిపోతోందని టెన్షన్. యోకెబెదు కూడా ఖాళీ పెట్టెను ముందు నీళ్లలో పెట్టి, ఎక్కడైనా చెమ్మ ఊరుతుందేమోనని వేలితో తడిమి చూసే ఉంటుంది. వాక్యంలో ఆ మాట లేదు, నా ఊహే.

ఇంతకీ ఆమె బిడ్డను పెట్టింది ఏ నీళ్లలో? హెబ్రీయుల మగపిల్లలను ఏటిలో పారవేయమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ. ఆమె ఆ ఏటి దగ్గరికే తీసుకెళ్లింది. ఫరో చంపమన్న నీళ్లకూ బిడ్డ ఒంటికీ నడుమ ఉన్నది జమ్ము, మన్ను, తారు. నోవహుకూ అంతే. లోకాన్ని ముంచిన నీళ్లే ఆ పెట్టెను పైకి లేపాయి.

తర్వాతి కాలపు హెబ్రీలో తేవా అంటే పెట్టెతో పాటు 'మాట' అనే అర్థం కూడా వచ్చింది. అందుకే 18వ శతాబ్దంలో హసీదీ అనే యూదు భక్తి ఉద్యమానికి మూలపురుషుడైన బాల్ షెమ్ తోవ్, "తేవాలో ప్రవేశించు" అని దేవుడు నోవహుతో చెప్పినదాన్ని ప్రార్థనకు అన్వయించాడు. పలికే మాటలోకి నిండుగా అడుగుపెట్టమని. అందంగానే ఉంది. అయితే అసలు పెట్టెలోని నోవహు ఒక్క మాట కూడా మాట్లాడడు. అతను నోరు తెరవడం వినాలంటే 9వ అధ్యాయం చివరిదాకా ఆగాలి, నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాక. రెండో పెట్టెలోని వాడికి ఇంకా మాటలే రావు. ఫరో కుమార్తె మూత తీసేసరికి వాడు ఏడుస్తున్నాడు.