వేలూరు దారిలో చేసిన ప్రార్థన

మా చిత్తూరు పక్క వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో జ్వరం వస్తే అందరూ ముందుగా డెంగీ అనే అనుకుంటారు. విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు, పడిపోతున్న ప్లేట్‌లెట్లు చూసి నాకూ అదేనన్నారు గాని, పరీక్షలో డెంగీ లేదని తేలింది. ఇంజెక్షన్లు వేయించుకున్నా జ్వరం దిగలేదు. ఆయాసం కూడా మొదలయ్యేసరికి మా అన్న ఇక ఆలస్యం చేయకుండా నన్ను వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రికి తీసుకెళ్లారు.

దారి పొడుగునా నేను చేసిన ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, పిల్లలు చిన్నవాళ్లు, నన్ను బతికించు." అలా అడగడం అవిశ్వాసమని నేను అనుకోను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు సైతం ఆ శ్రమల గిన్నెను తొలగించమని తండ్రిని అడిగాడు. అడిగి, "నా యిష్టము కాదు నీ చిత్తమే సిద్ధించును గాక" అన్నాడు. ఆ రెండో మాట మాత్రం నా నోట రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా వివరాలు విని, "తోటలో పని చేస్తారా?" అని అడిగింది. మామిడి తోటలో గడ్డి కోయించానని చెప్పగానే చొక్కా విప్పించి చంకలు, నడుము, మోకాళ్ల వెనక ఓపికగా వెతికింది. ఎడమ చంకలో సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు, దాని చుట్టూ ఎర్రటి అంచు ఉన్నాయి. నొప్పి, దురద లేనందువల్ల అది ఉందన్న సంగతే మాకెవరికీ తెలియలేదు. నా జబ్బు స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని మైట్ పురుగు పిల్ల కుట్టినప్పుడు దాని నుంచి ఒంట్లోకి చేరే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ సూక్ష్మజీవి మన కణాల లోపలే పెరుగుతుంది కాబట్టి పెన్సిలిన్ జాతి మందులు దానిమీద పనిచేయవు; డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా అప్పుడే మొదలుపెట్టారు.

అయితే అప్పటికే జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. వెంటిలేటరు అవసరం పడవచ్చని అన్నతో చెబుతుంటే ఆక్సిజన్ మాస్కు కింద నుంచి విన్నాను. ఇక నా చేతిలో ఏదీ మిగల్లేదని తెలిసిన ఆ రాత్రి, పిల్లలను, భార్యను ఒక్కొక్కరి పేరు పలికి ప్రభువుకు అప్పగించి, "నీ చిత్తమే" అన్నాను. భయం పోలేదు, కానీ ఆ భయంలో నేను ఒంటరిగా లేను.

మందులు మానేసి ప్రార్థన మీదే ఆధారపడమని మా వాళ్లలో ఒకరిద్దరు ఫోనులో చెప్పారు. వారి ప్రేమను శంకించను గాని ఆ మాటను ఒప్పుకోలేను. చావుకు దగ్గరైన హిజ్కియా రాజు కన్నీటి ప్రార్థన విని 15 సంవత్సరాల ఆయుష్షు ఇచ్చిన దేవుని ప్రవక్తే, అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని కూడా చెప్పాడు కదా. ఆ డాక్టరమ్మ చూపును నా చంకలోని పెచ్చు దగ్గరికి నడిపించింది ప్రభువేనని నేను నిండు మనసుతో నమ్ముతున్నాను.

వెంటిలేటరు అవసరం రాలేదు. జ్వరం దిగింది, నీరసం చాలాకాలం ఉంది. కానీ నా పక్క మంచం మీది పెద్దాయన దక్కలేదు. ఆయన భార్య కూడా విశ్వాసురాలే; రాత్రంతా మోకాళ్లమీదే ఉండేది. అందుకే సంఘంలో సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు పిలిచినప్పుడు, నా విశ్వాసం గొప్పది కాబట్టి బతికానని చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ అమ్మ కోసం ప్రార్థించమని సంఘాన్ని కోరాను.