నినాదం కాదు, వార్త కావాలి

ఈమధ్య కొంతమంది కుర్రాళ్లు, అమ్మాయిలు తమ చుట్టుపక్కల కాలుష్యం మీద రాసిన వార్తలు దిద్దే పని నాకు పడింది. చాలావరకు "పర్యావరణాన్ని కాపాడుకోవడం మన బాధ్యత"తోనే మొదలయ్యాయి. అది గోడల మీద రాసుకునే మాట కదా! ఏ కాలువ, ఎప్పటి నుంచి, ఎవరికి ఇబ్బంది అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే తెలియాలి.

అంకెల దగ్గరే అసలు టెన్షన్. ఒకమ్మాయి ఫోన్ యాప్‌లో ఆ గంటకు కనిపించిన పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి కణాలు) అంకె చూసి, డబ్ల్యూహెచ్‌ఓ పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువని రాసింది. పోల్చింది 5 మైక్రోగ్రాములతో. 2021 మార్గదర్శకాల్లో ఘనపు మీటరుకు 5 అనేది ఏడాది సగటు, 24 గంటల సగటుకైతే 15. ఒక్క గంట రీడింగ్‌ని రెండింటిలో దేనితోనూ నేరుగా పోల్చకూడదు. చెప్పగానే తను రోజంతా రీడింగ్‌లు రాసుకుని సగటు కట్టింది. హెడ్డింగ్‌లో ఘాటు తగ్గింది, కానీ ఆ వార్తను ఇక ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు. నాకు అన్నిట్లోకీ అదే నచ్చింది.

యంగ్ రిపోర్టర్స్ ఫర్ ది ఎన్విరాన్‌మెంట్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో సమస్యతో పాటు పరిష్కారం కూడా వెతకమంటారు. మంచి పద్ధతే. కాకపోతే అది రాసేవాళ్ల సొంత సలహా అయితే చాలదు, ఆ పని తెలిసినవాళ్లని అడిగి రాయాలి. ఆరోపణ ఎవరి మీదో వాళ్లనీ అడగాలి. జవాబు రాకపోతే, అడిగామనీ రాలేదనీ రాస్తే సరి.

ఫోటోలకు తేదీ, చోటు రాసిపెట్టుకోమని కూడా చెప్పాను. "అది పాత ఫోటో" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.