సెల్లార్ మలుపులో చప్పుడు

రాత్రి పదకొండున్నర. చిన్నది పడుకుంది, ఈయన ఫోన్ చేతిలో పెట్టుకునే నిద్రపోయారు. నా వేళ్లకు మాత్రం గేరాయిల్ వాసన ఇంకా పోలేదు. రెండుసార్లు సర్ఫ్‌తో కడిగాను, నిమ్మచెక్క రుద్దాను, అయినా అదే గంధకం వాసన. అన్నం దగ్గర అత్తయ్య ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం అది నాన్న వాసన.

మా బండి గొడవ ఇదీ. మూడు వారాలుగా సెల్లార్‌లోకి దిగే మలుపులో వెనకనుంచి కర్ర్‌మని ఒక మూలుగు, వెంటనే టక్, టక్ అని సీటు కింద వణుకు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తేనే వస్తుంది, అదీ ఆఫీసు నుంచి తిరిగొచ్చి బండి వేడి మీదున్నప్పుడు. పొద్దున ఉండదు. ఉప్పల్ రోడ్డు మీద అరవైలో పోతే అసలే ఉండదు.

ఇవాళ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. తాళం నా చేతిలో ఉంది, డ్రైవర్ సీట్లోంచి దిగింది నేను. మేస్త్రీ మాత్రం నేను రెండో వాక్యం ఎత్తుకోకముందే ఈయన వైపు తిరిగి, "క్రౌన్ పినియన్ పోయింది సార్, హౌసింగ్ దింపాలె, సెట్టు మొత్తం మార్చాలె, ముప్పై వేలు పట్టుకోండి" అన్నాడు. క్రౌన్ పినియన్ అంటే ఇంజిను తిప్పుడును వెనక చక్రాలకు మళ్లించే పళ్లచక్రాల జత, హౌసింగ్ అంటే దాన్ని మూసి ఉంచే డొల్ల. ఈయనకు డ్రైవింగే రాదు. నేనే మళ్లీ చెప్పాను. క్రౌన్ పినియన్ అయితే తిన్నగా పోయేటప్పుడు కూడా ఊళ వేయాలి, యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా వినపడాలి. వీల్ బేరింగ్ అయితే వేగంతోపాటు పెరగాలి, బండిని ఇటూ అటూ ఊపితే మారాలి. షాఫ్ట్ క్రాస్, అంటే ఇంజిను తిప్పుడును వెనక్కి తెచ్చే కడ్డీ కీలు, అయితే గేరు వేసి క్లచ్ వదలగానే ఒక్క దెబ్బ కొట్టాలి. ఇది మలుపులోనే వస్తోంది కదా అన్నాను. నవ్వి, మళ్లీ ఈయనతోనే, "మేడమ్‌కు మస్తు తెలుసు సార్" అన్నాడు. ఆ నవ్వు నాకు పొద్దున్నుంచీ దిగలేదు. ధర ఎక్కువ చెప్పినా సరిపెట్టుకునేదాన్ని. చప్పుడు ఎప్పుడొస్తోందో ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

నాన్న అయితే అదే ముందు అడిగేవాడు. నాన్న పనిచేసే హయత్‌నగర్ బస్సు డిపోకు నేను క్యారేజీ తీసుకెళ్లే రోజుల్లో, నాకు తొమ్మిదో పదో ఏళ్లు, ఒక డ్రైవర్ వచ్చి వెనక ఏదో మోగుతోందన్నాడు. నాన్న స్పానర్ పట్టుకోలేదు. అన్నం సగంలో వదిలి, చెయ్యి కడుక్కుని, నన్ను కూడా ఎక్కించుకుని బస్సు వెనక సీట్లో కూర్చున్నాడు. డిపో చుట్టూ తిప్పమన్నాడు. కళ్లు మూసుకుని, అరచెయ్యి ఫ్లోరు రేకు మీద ఆనించి, "రేసిస్తే వస్తుందా, ఇడిస్తే వస్తుందా చూడు బిడ్డా" అన్నాడు నాతో. నాకేం తెలుస్తుంది? ఇడిస్తే వస్తుంది నాన్నా అన్నాను, ఏదో ఒకటి చెప్పాలని. ఆయన ఇంకో రెండు చుట్లు తిప్పించి నిజంగానే సరిచూసుకున్నాడు. దిగాక పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను హౌసింగ్‌కు ఆనించి, పిడిని నా చెవి దగ్గర పెట్టాడు. లోపల ఇసుక నములుతున్నట్టుంది. పినియన్ బేరింగ్ అన్నాడు. నేను చెప్పింది సరైందా అని అడగడం మర్చిపోయాను, ఇప్పుడు అడగడానికి లేడు.

సరే, బండి. ఆటోనగర్ నుంచి నేరుగా నాగోల్‌లో మార్చిలో సర్వీసు చేసిన షెడ్డుకు పోయాను, గట్టిగా అడుగుదామనే. అక్కడి కుర్రాడు బండి కిందకు దూరి, హౌసింగ్ మీద గట్టిపడ్డ మట్టిని స్క్రూడ్రైవర్‌తో గీకితే, ఆయిల్ పోసే బోల్టు పక్కన చిన్న రేకు బయటపడింది. ఎల్ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, ఆయిలే వాడాలని దాని మీద ఉంది. డిఫరెన్షియల్ అంటే వెనక రెండు చక్రాలకూ తిప్పుడు పంచేది. మామూలుది అయితే మలుపులో రెండు చక్రాలూ దేని దారిన అది తిరుగుతాయి. ఈ లిమిటెడ్ స్లిప్ రకంలో లోపల ప్లేట్లు పేర్చి, స్ప్రింగుతో అదిమి ఉంచుతారు, ఒక చక్రం బురదలో ఊరికే తిరిగినా రెండోది లాగాలని. మలుపులో ఆ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. అవి మెత్తగా జారడానికి ఆయిల్‌లో వేరే మందు కలపాలి. అది లేకపోతే పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, ఇదిగో ఈ టకటకలు. మార్చిలో పోసింది మామూలు తొంభై నంబరు ఆయిల్.

ఇప్పటిదాకా రాసింది చదువుకుంటే తప్పంతా షెడ్డు వాళ్లదే అన్నట్టుంది. కాదు. ఆ కుర్రాడు మెల్లగా, "మేడమ్, నేను ఫోన్ చేసిన కదా, ఏ ఆయిల్ పొయ్యాలె అని" అన్నాడు. చేశాడు. నేను మీటింగ్‌లో ఉండి, మామూలుదే పోసేయమని పెట్టేశాను. అతను ఈయనను అడగలేదు, నన్నే అడిగాడు.

రాణిగంజ్ వెళ్లి జీఎల్-5 రకం గేరాయిల్, ఆ మందు సీసా తెచ్చాను. కుర్రాడు ఆయిల్ పోసే పై బోల్టు ముందు విప్పి, అది వస్తుందని చూసుకున్నాకే పాత ఆయిల్ వదిలే కింది బోల్టు మీద చెయ్యి వేశాడు, నాన్న పద్ధతే. బోల్టు అయస్కాంతానికి కాటుకంత బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి చూశాను, ముక్కలు తగల్లేదు, ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఖాళీ గ్రౌండులో లైసెన్సు టెస్టులో వేసినట్టు ఎనిమిదులు వేశాను, మెల్లగా, పన్నెండు. ఏడో ఎనిమిదికి మూలుగు సన్నబడింది, తర్వాత వినపడలేదు. చాలా సంతోషమేసింది.

సాయంత్రం సెల్లార్‌లోకి దిగుతుంటే మాత్రం ఒక్క టక్ వినిపించింది. కొత్త ఆయిల్ ప్లేట్లలోకి ఇంకడానికి కొన్ని రోజులు పడుతుందిలే అనుకున్నాను. వెనక సీట్లోంచి చిన్నది, "అమ్మా, కుడికి తిప్పితేనే వస్తోంది" అంది. మళ్లీ పైకి తీసుకెళ్లి ఎడమకు తిప్పాను, రాలేదు. కుడికి తిప్పాను, వచ్చింది. మూడు వారాలుగా రోజూ నడుపుతున్నాను, నేనిది గమనించనేలేదు.

సెల్లార్‌లోకి మలుపు ఒక్కటే, అది కుడికే.