లో సీ కోసం ఒక రాత్రి ప్రయాణం

ట్యూబాతో, అంటే ఆ పెద్ద ఇత్తడి ఊదుడు వాయిద్యంతో, రైలెక్కడమంటే టికెట్ లేని మనిషినొకణ్ని వెంటబెట్టుకుని పోవడమే. సీటు కింద పట్టదు. పైన సామాను పెట్టేచోట పడుకోబెడితే బెల్ (వెడల్పాటి నోరు) వైపు సగం బయటికొచ్చి, ఎవరి నెత్తిన పడుతుందోనని టెన్షన్. చివరికి నా బెర్తు దానికిచ్చేసి, దాని కాళ్ల దగ్గర నేను ముడుచుకు కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ చాలాసేపు చూసి చూసి, "బాగుచేయించడానికి తీసుకెళ్తున్నావా నాయనా?" అని అడిగింది. కాదండీ, దీనికి పెదాల దగ్గర పెట్టుకునే ముక్క ఒకటి కొనడానికని, జేబులోంచి మౌత్‌పీస్ తీసి చూపించాను. ఆవిడ దాన్నీ, పెట్టెనీ మార్చి మార్చి చూసి, దుప్పటి కప్పుకుని పడుకుంది.

అసలు సంగతేమిటంటే, బ్యాండులో నేను వాయించేది బీ ఫ్లాట్ ట్యూబా (బీ ఫ్లాట్ అంటే దాని మూలస్వరం). చుట్టలన్నీ విప్పి పరిస్తే దాదాపు 18 అడుగుల గొట్టం. దానికి నేను వాడేది హెల్లెబర్గ్ రకం మౌత్‌పీస్, కప్పు (పెదాల ముందుండే గుంట) గరాటులా లోతుగా దిగిపోయేది. ఒకప్పుడు అమెరికాలో పేరున్న సూసా బ్యాండులో వాయించిన ఆగస్ట్ హెల్లెబర్గ్ పేరు మీద వచ్చిన నమూనా అది. ఆ జత ఏళ్ల తరబడి హాయిగా సాగింది. పోయినేడు ఐదుగురం కలిసి బ్రాస్ క్వింటెట్ (ఐదు ఇత్తడి ఊదుడు వాయిద్యాల బృందం) పెట్టుకున్నాం. అందులో పై స్వరాల పని ఎక్కువని, వాడిన రోటరీ (గాలి దారి మార్చే వాల్వులు గుండ్రంగా తిరిగే రకం) ఎఫ్ ట్యూబా ఒకటి కొన్నాను. ఇది 12 అడుగులే. (1835లో బెర్లిన్‌లో బ్యాండ్‌మాస్టర్ వీప్రెఖ్ట్, వాయిద్యాల తయారీదారు మోరిట్జ్ పేటెంట్ తీసుకున్న మొట్టమొదటి ట్యూబా కూడా ఎఫ్ ట్యూబానే, ఐదు వాల్వులది. చిన్నదానికి దిగావేమిట్రా అన్నవాళ్లకి నేను చెప్పుకునే జవాబు ఇదే.) అమ్మినాయన "ఏ మౌత్‌పీసైనా పడుతుందండీ" అన్నాడు. నమ్మాను.

పడింది కూడా. కానీ నాలుగో వాల్వు నొక్కి లో సీ (కింది స్థాయి సీ స్వరం) ఊదితే స్వరానికి బదులు గాలి వచ్చేది. రోటరీ ఎఫ్ ట్యూబాలు ఆ సీ దగ్గర గొంతు పట్టేసినట్టు పలకడం పాత జబ్బే, అది నాకూ తెలుసు. నాది మరీ అన్యాయం. పై స్వరాలు కూడా ఎక్కడ నిలబడాలో తెలియనట్టు ఊగేవి. తప్పంతా నా ఊపిరిదేననుకుని ఆరు నెలలు సాధన చేశాను. చివరికి యుఫోనియం (ట్యూబాకి తమ్ముడిలాంటి చిన్న వాయిద్యం) వాయించే చిన్ననాటి స్నేహితుడొకడు ఫోన్‌లో నా గోడు విని, "ఒరేయ్, మా ఊళ్లో లేత్ మీద మౌత్‌పీసులు తీసే పెద్దాయన ఉన్నాడు. ట్యూబా పట్టుకుని వచ్చేయ్" అన్నాడు.

తెల్లారేసరికి దిగాను. స్టేషన్ నుంచి వర్క్‌షాప్ దాకా ట్యూబాని మోసిన కథ వదిలేద్దాం.

పెద్దాయన నన్ను వాయించమనలేదు. నా మౌత్‌పీస్ తీసుకుని ట్యూబా రిసీవర్‌లో (అది దూరే గొట్టం నోట్లో) పెట్టి, రెండు వేళ్లతో అటూ ఇటూ ఆడించాడు. టకటకమంది. ఆరు నెలల్లో ఆ చప్పుడు నేనెలా వినలేదో నాకే తెలియదు. "షాంక్ సన్నం బాబూ" అన్నాడు. షాంక్ అంటే రిసీవర్‌లోకి దూరే మౌత్‌పీస్ కాడ. ట్యూబా మౌత్‌పీసుల షాంకుల్లో అమెరికన్ కొలత, దానికంటే లావుండే యూరోపియన్ కొలత అని రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. నా హెల్లెబర్గ్‌ది మొదటిది, ఎఫ్ ట్యూబా రిసీవర్ రెండోదానికి చేసింది. దాంతో షాంక్ చుట్టూ బిగుసుకోకుండా లోపలికంటా జారిపోయి, లీడ్‌పైప్ (ట్యూబాలో గాలి వెళ్లే మొదటి గొట్టం) అంచుకు తగిలి ఆగుతోంది. మామూలుగా షాంక్ చివరికీ, లీడ్‌పైప్ మొదలుకీ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. గ్యాప్ అంటారు. అది ఎక్కువైనా తక్కువైనా స్వరం పలికే తీరూ, శ్రుతిలో నిలిచే తీరూ మారిపోతాయి. ఆయన ఒక కాగితం ముక్క చింపి షాంక్‌కి చుట్టి మళ్లీ బిగించి, ఇప్పుడు ఊదమన్నాడు. పై ఎఫ్ నిలబడింది! ఆరు నెలల సాధన చేయలేని పని కాగితం ముక్క చేసింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

లో సీ మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది. అక్కడి నుంచి అసలు వేట మొదలైంది.

పెద్దాయన బల్ల మీద లావు షాంక్ ఉన్నవి పదకొండు పరిచాడు. నేను ముందు నంబర్లు అడిగాను. బాక్ కంపెనీ 18 అంటే కప్పు వ్యాసం 32.5 మిల్లీమీటర్లు, 24ఏడబ్ల్యూ అంటే 31.25 అని ఇంటర్నెట్‌లో చదివి కంఠతా పట్టి వెళ్లానాయె. ఆయన కాలిపర్ నా చేతికిచ్చి, ఒకే కప్పుని అంచు దగ్గరోసారి, కాస్త లోపలికి దించి ఇంకోసారి కొలవమన్నాడు. రెండు అంకెలొచ్చాయి. తయారీదారులందరూ ఒకే లోతులో కొలవరట. ఒక కంపెనీ 32నీ, ఇంకో కంపెనీ 32నీ పక్కపక్కన పెట్టి పోల్చడం దండగన్నమాట. నా బట్టీ అంతా వృథా. అయితే అంకెలు మోసం చేసినా పెదవి మోసపోదు. మిల్లీమీటరు తేడా కాగితం మీద ఏమీ కాదు గానీ, పెదవికి ఇల్లు మారినట్టుంటుంది.

ఆయన ఒకేసారి మూడింటికి మించి చేతికివ్వలేదు. స్నేహితుణ్ని గది ఆ చివర గోడవైపు తిరిగి కూర్చోబెట్టాం. ఏది ఏదో వాడికి తెలియకూడదని.

నాకు మొదట తెగ నచ్చింది అన్నిటికంటే లోతైనది, థ్రోట్ (కప్పు అడుగున గాలి వెళ్లే రంధ్రం) కూడా వెడల్పు. ఊదుతుంటే నాదం నా చుట్టూ అలుముకుంది. ఇదే ఖాయం అనుకున్నాను. గోడ దగ్గర నుంచి, "దుప్పట్లో దూరి మాట్లాడినట్టుందిరా" అని వినిపించింది. బెల్ వెనక కూర్చున్నవాడికి వినిపించేదొకటి, ఎదుటివాడికి చేరేదొకటి. ఇన్నేళ్లుగా వాయిస్తున్నా ఇది మర్చిపోతూనే ఉంటాను. పైగా దానికి గాలి ఎంత పోసినా చాలదు, పెద్ద వాక్యం సగంలోనే నా ఊపిరి అయిపోయింది. రెండోది కప్పు లోతు తక్కువది. తారస్థాయి వెన్నలా జారింది. మంద్రానికి దిగేసరికి ట్యూబాతనం పోయి ట్రాంబోన్‌లా గరగరమంది.

తర్వాతవి గిన్నె ఆకారం కప్పులు, గరాటులా కాకుండా అడుగున గుండ్రంగా తిరిగేవి. వాటిలో రెండోది పెట్టగానే లో సీ పలికింది. గొప్పగా కాదు, కానీ పలికింది. గోడ దగ్గర నుంచి "ఆఁ" అని ఒక్క అక్షరం.

అదే నమూనా వెండి పూతతో ఒకటి, బంగారు పూతతో ఒకటి, స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఒకటి ఉన్నాయి. నా కన్ను బంగారు దాని మీదే పడింది. కళ్లు మూసుకుని వాయిస్తే పెదవికి జారుడులో తేడా తెలిసింది గానీ, నాదంలో తేడా నాకూ పట్టలేదు, గోడ దగ్గరవాడికీ పట్టలేదు. వెండి పడనివాళ్లకి మిగతావి ఉపయోగం. నాకు వెండితో పేచీ లేదు. లోపలి ఆకారం ముందు పై పూత లెక్కలోది కాదని ఆ పూటే తేల్చుకున్నాను.

తీసుకుంటానంటే పెద్దాయన ఇవ్వలేదు. "ఇప్పుడు మీ పెదాలు వాచి ఉన్నాయి. రేపు పొద్దున్నే రండి" అన్నాడు. అద్దంలో చూసుకుంటే నిజమే, రిమ్ (పెదాలకి ఆనే అంచు) ముద్ర ఎర్రగా ఉంగరంలా దిగింది.

మర్నాడు అందరికంటే ముందే వెళ్లాను. బజ్జింగ్ (పెదాలు అదిలించే సాధన) లేదు, వేడెక్కడం లేదు. చల్లటి పెదాలతో, వీలైనంత మెల్లగా మొదటి స్వరం తియ్యమన్నాడు. నిన్న గెలిచినది తడబడింది. రిమ్ లోపలి అంచు పదునెక్కువ, మెల్లగా ఎత్తుకుంటే కరిచినట్టుంది. అదే కప్పు, అదే బ్యాక్‌బోర్ (థ్రోట్ తర్వాత షాంక్ లోపలి దారి), రిమ్ మాత్రం కాస్త గుండ్రంగా ఉన్నది ఇంకొకటి ఇచ్చాడు. టకామని పలికే ఆ చురుకు కొంత తగ్గింది. తగ్గినా ఫర్వాలేదనిపించింది, మా క్వింటెట్‌లో నెమ్మదిగా సాగే పాటలే ఎక్కువ. దాన్నే తెచ్చుకున్నాను. హెల్లెబర్గ్ తిరిగి తన పెద్ద ట్యూబా దగ్గరికి చేరింది.

ఇది జరిగి మూడు వారాలైంది. లో సీ ఇప్పుడు పదిసార్లలో ఎనిమిదిసార్లు మాట వింటోంది. కొత్తగా ఈ-ఫ్లాట్ అనే స్వరం శ్రుతి కొంచెం పైకి పోతోంది. మొదటి వాల్వు స్లైడు (జరిపే గొట్టం) ఎడమచేత్తో లాగి పట్టుకుని వాయిస్తున్నాను.