శనివారం రెండుసార్లు వచ్చింది

చిత్తూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఏ దారిన వెళ్ళాలో తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రయాణానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

నేను సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళు గోడకు ప్రపంచ పటం తగిలించి, అమెరికా ఆ ఎడమ చివర, మనం ఈ కుడి పక్క అని బెత్తంతో చూపించినవాణ్ణి. అందుకే మా అమ్మాయి ఫోన్‌లో "నాన్నా, టికెట్లు నువ్వే చూడు, అమ్మ మోకాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకో" అన్నప్పుడు ఇంకేం ఆలోచించకుండా పడమటి దారులే వెతికాను. దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్. రేణిగుంటలో ఎక్కకూడదా అని ఊళ్ళో ప్రతి ఒక్కరూ అడిగారు, కానీ మేం చూసినప్పుడు అక్కడినుంచి ఉన్నవన్నీ దేశం లోపలి విమానాలే.

మొదట ఒక ఏజెంటును నమ్మి దెబ్బతిన్నాను. పేరెందుకులెండి. బెంగళూరు నుంచి ఢిల్లీకి ఒక టికెట్టు, ఢిల్లీ నుంచి వేరే కంపెనీ టికెట్టు, మధ్యలో మూడు గంటలు, మిగతావాళ్ళకంటే ఇరవై వేలు తక్కువ అన్నాడు. డబ్బు కట్టాక అమ్మాయి చూసి తల పట్టుకుంది. రెండూ వేరువేరు పీఎన్ఆర్‌లు, అంటే మొదటిది లేటయితే రెండోవాళ్ళకు మనతో ఏ సంబంధమూ లేదు, టికెట్టు పోయినట్టే, పైగా పెట్టెలు ఢిల్లీలో బెల్టు మీంచి దించుకుని మళ్ళీ చెకిన్ చేయాలి, మోకాళ్ళ నొప్పుల మనిషితో. క్యాన్సిల్ చేస్తే పదకొండు వేలు గోవిందా.

ఆ కోపంలోనే అటక మీంచి నా పాత గ్లోబు దించాను. బెంగళూరు దగ్గర ఒక గుండుసూది, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒకటి, మధ్యలో దారం బిగించి లాగాను. దారం పడమరకూ పోలేదు, తూర్పుకూ పోలేదు! టిబెట్, సైబీరియా మీదుగా పైకెక్కి, ఆర్కిటిక్ అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. దాదాపు 14 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో సగం 20 వేలు కదా, అంటే ఆ ఊరు మనకు దాదాపు అవతలి పక్కన ఉన్నట్టే, ఎటు తిరిగి వెళ్ళినా పెద్ద తేడా రాదు. ముప్పై ఏళ్ళు ఆ పటం ముందు నిలబడి ఈ మాట ఒక్క పిల్లవాడికైనా చెప్పానా అని కాసేపు నాకే సిగ్గేసింది.

2021 జనవరిలో ఎయిరిండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా ఆగకుండా వచ్చిన సంగతి పేపర్లో చదివింది గుర్తొచ్చింది, కానీ మా తేదీలకు ఆ ఫ్లైట్ లేదు. అసలు విమానాలు దారం చూపించినట్టు టిబెట్ మీదుగా ఎందుకు వెళ్ళవు అంటే, లోపల గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ గబగబా పది వేల అడుగులకు దిగాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తు.

చివరికి తూర్పు దారే తీసుకున్నాను. చెన్నై, సింగపూర్, శాన్‌ఫ్రాన్సిస్కో. ఒకే టికెట్టు, పెట్టెలు చెన్నైలో వేస్తే నేరుగా అక్కడే, ఒక్కచోటే మారడం. పసిఫిక్ మీద పై గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి పోయేటప్పుడు విమానాన్ని వెనకనుంచి తోస్తాయి, వచ్చేటప్పుడు ఎదురొస్తాయి. పోయేటప్పుడు పదిహేను గంటల లోపే అయిపోయింది, వచ్చేటప్పుడు పదిహేడు దాటింది. ఇంకో లాభం, మొగిలి ఘాటు దాటి బెంగళూరు వెళ్ళే బదులు రాణిపేట మీదుగా చెన్నైకి మూడు గంటల చిల్లర.

కాణిపాకంలో కొబ్బరికాయ కొట్టి శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాం. వీల్‌చెయిర్ టికెట్టులోనే రాయించాను, ఈ ఒక్క పని మాత్రం ఎవరూ మరవకండి, సింగపూర్ చాంగి ఎయిర్‌పోర్టులో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడవాలంటే మా ఆవిడ అక్కడే కూలబడేది. అక్కడ బయటికి వెళ్ళకపోతే మనకు వీసా అక్కర్లేదు. తెల్లారి తొమ్మిది దాటాక రెండో విమానం.

అసలు గొడవ అక్కడ మొదలైంది. అది శనివారం. మా ఆవిడకు పెళ్ళికి ముందునుంచీ శనివారం ఒక్కపొద్దు, ఏడుకొండలవాడి మొక్కు. పొద్దున ట్రే వస్తే వద్దంది, సాయంత్రం తింటానంది. సాయంత్రం అయితే కదా! కిటికీలో చూస్తుండగానే చీకటి పడింది, సరే అని పెరుగన్నం తిని కునుకు తీసింది, లేచేసరికి మళ్ళీ తెల్లారుతోంది. దిగితే గోడ గడియారంలో ఉదయం తొమ్మిది కావస్తోంది, అంటే మేం ఎక్కిన టైముకు దిగాం, కింద తేదీ చూస్తే మళ్ళీ శనివారమే. మధ్యలో డేట్‌లైన్, అంటే పసిఫిక్‌లో తేదీ మారే గీత, తూర్పుకు దాటాం కాబట్టి ఒక రోజు వెనక్కి వచ్చింది అని వివరించబోయాను.

"మీ గీతలు నాకెందుకండీ, ఇప్పుడు నేను తినొచ్చా, తినకూడదా?"

ఇమిగ్రేషన్ లైన్లో నలభై నిమిషాలు ఈ చర్చే. ఆఫీసరు ఎన్నాళ్ళుంటారు, ఎవరింటికి అని రెండే ప్రశ్నలు అడిగి వేలిముద్రలు తీసుకుని పంపేశాడు. బయట అమ్మాయి ఇడ్లీ డబ్బాతో నిలబడి ఉంటే ఈమె ముట్టలేదు, ఆ శనివారం కూడా ఉండిపోయింది.

మూడు నెలల తర్వాత తిరుగు ప్రయాణం శుక్రవారం రాత్రి. సింగపూర్‌లో దిగేసరికి ఆదివారం ఉదయం. ఈసారి ఫోన్‌లో తేదీ తనే చూసింది, ఒక క్షణం వేళ్ళు లెక్కపెట్టి, "అప్పుడు రెండు తీసుకున్నాడు, ఇప్పుడు ఒకటి వదిలేశాడు, చెల్లుకు చెల్లు" అని ఉప్మా మూత తీసింది.